పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్లే ముందు ఇంట్లో అటక ఒకసారి దింపండి

సెలవులొస్తే విజయవాడ, గుంటూరు వాళ్లకి పిల్లల్ని తీసుకెళ్లడానికి మాల్, సినిమా, భవానీ ద్వీపం, మళ్లీ మాల్, అంతే కదా. మ్యూజియం అంటే "అక్కడేముంటాయి, రాళ్లు" అంటారు పిల్లలు, పిల్లలేంటి, పెద్దోళ్లూ అదే మాట. నాకైతే ఈ విషయంలో బాగా బాధగా ఉండేది. రెండు వేల ఏళ్ల కిందట నాణెం మీద ఓడ బొమ్మ వేసుకుని సముద్రం అవతల ఊళ్లతో వ్యాపారం చేసిన శాతవాహనుల ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి, మనకి గంట ప్రయాణం దూరంలో ఉంది, అయినా మన పిల్లలు చరిత్ర అంటే ఎక్కడో ఢిల్లీలో జరిగింది అనుకుంటున్నారు. మా ఇద్దరితో (పెద్దది నాలుగో తరగతి, చిన్నోడు యూకేజీ), మా అత్తయ్యతో కలిసి ఈ రెండేళ్లలో ఐదారుసార్లు తిరిగాక నాకు పనికొచ్చినవి రాస్తున్నా.

మొదటిసారి బందరు రోడ్డులో ఉన్న బాపు మ్యూజియంకి వెళ్లినప్పుడు నేను మొదటి గ్లాస్ కేస్ దగ్గర మొదలుపెట్టి ప్రతి లేబులూ పైకి చదువుతూ వెళ్లా, వచ్చాం కదా అన్నీ చూపించేయాలి అని. అరగంట కాకముందే చిన్నోడు నేల మీద చతికిలపడ్డాడు, పెద్దది "ఇంకా ఎన్నున్నాయమ్మా" అని ఒకటే అడగడం. ఇంటికొచ్చాక ఏం చూసారే అంటే "బొమ్మలు" అంది, అంతే. తర్వాత వాళ్ల స్కూల్ వాళ్లు కూడా ఒకసారి తీసుకెళ్లారు, లైన్లో నిలబెట్టి ఇరవై నిమిషాల్లో బయటికి పంపించేసారంట. అక్కడ అర్థమైంది నాకు, తేడా మ్యూజియంలో లేదు, అక్కడికి వెళ్లే ముందు పిల్లల చేతికి ఏం ఇచ్చాం అన్నదాన్లో ఉంది.

అందుకే ఇప్పుడు వెళ్లే ముందు ఆదివారం ముందుగా అటక మీద సామాను దింపుతాం. మీ ఇంట్లో లేకపోతే అమ్మమ్మ వాళ్లింట్లో, నాయనమ్మ వాళ్లింట్లో తప్పకుండా ఉంటాయి. ఇత్తడి మరచెంబు, కవ్వం, తిరగలి, కాటుక భరిణె, లాంతరు, కొలపాత్రలు. మా అత్తయ్య వాళ్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న సోల, తవ్వ, మానిక ఇంకా దాచుకున్నారు. వాటిని పిల్లల ముందు పెట్టి, ఒక పళ్లెంలో బియ్యం పోసి కొలవమన్నారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. చిన్నోడు బియ్యం ఇల్లంతా పోసాడు అనుకోండి, కానీ ఎక్కం చదవకుండానే కుంచానికి అరవై నాలుగు గిద్దలని పెద్దది లెక్క తేల్చింది. మేం రెండోసారి మ్యూజియంకి వెళ్లినప్పుడు ఒక పాత పాత్ర ముందు అది ఆగిపోయి "ఇందులో ఎన్ని సోలలు పడతాయి నాయనమ్మా" అని అడిగింది, అప్పుడు అత్తయ్య మొహం చూడాలి. అంతకుముందు ఆవిడ "నాకేం తెలుసమ్మా, నేను బెంచీ మీద కూర్చుంటా, మీరు చూసిరండి" అనే మనిషి. నిజానికి ఆ గదిలో ఉన్న సగం వస్తువుల్ని వాడిన మనిషి ఆవిడ ఒక్కరే. కాబట్టి వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని ఖచ్చితంగా తీసుకెళ్లండి, గైడ్ కన్నా వాళ్లే ఎక్కువ చెప్తారు, మెట్లు ఎక్కువ ఉన్నచోట కొంచెం చూసుకోండి.

ఇంకోటి కథ. ఏ శిల్పమైనా, కత్తి అయినా దాని వెనక కథ పిల్లల చెవిన ముందే పడి ఉండాలి, అక్కడికెళ్లి నిలబడి చెప్తే వినరు, కాళ్లు నొప్పులంటారు. మేం ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు చెప్తాం, లేకపోతే బస్సులో. మా అత్తయ్యది పల్నాడు వైపు ఊరు కాబట్టి బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరొదిలి పోవడం, బాలచంద్రుడు, ఇవన్నీ ఆవిడకి నోటికొచ్చు. చాపకూడు గురించి చెప్పినప్పుడు, బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడంటే, పెద్దది "అందులో గొప్పేముంది, మా స్కూల్లో అందరం కలిసే తింటాంగా" అంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట అది ఎంత పెద్ద విషయమో, ఎందుకు పెద్ద విషయమో చెప్పడానికి మాకు మంగళగిరి నుంచి వారధి దాకా పట్టింది. ఆ మాటలు వాళ్లకి తెలియాలనే కదా ఇదంతా. ఆ కథ విన్న పిల్లలకి ఎక్కడైనా వీరగల్లు కనిపిస్తే, అంటే యుద్ధంలో చనిపోయిన వీరుడి పేరున నిలబెట్టిన రాయి, దాని దగ్గర పిలవకుండానే ఆగుతారు.

బుర్రకథ కూడా అంతే. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథకి ఎంత పేరు తెచ్చారో, 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది, పిల్లలకి అసలు ఆయన పేరే తెలీదు. యూట్యూబ్‌లో పది నిమిషాలు బుర్రకథ పెట్టి చూపించండి. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని ఉంటాడు, ఇటుపక్క ఆయన హాస్యం, అటుపక్క ఆయన రాజకీయం మాట్లాడతాడు, ఇద్దరూ డక్కీలు వాయిస్తూ తందాన అంటారు. మా వాళ్లిద్దరూ మూడోవాడిగా నన్ను పెట్టుకుని ఇల్లంతా తందాన చేసారు వారం రోజులు. అట్లా చూసాక ఎక్కడైనా తంబురా, డక్కీ, పంబ, తోలుబొమ్మ కనిపిస్తే అది వాళ్లకి సామాను కాదు, తెలిసిన మనిషి చేతిలోది.

ఇక అసలు మ్యూజియం. బాపు మ్యూజియంలో లోపలికి వెళ్లే ముందు బయటే ఒక ఐదు నిమిషాలు ఆగండి, ఎందుకంటే ఆ బిల్డింగే ఒక కథ. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లయిందని 1887లో దానికి శంకుస్థాపన చేసారు, అందుకే మొన్నమొన్నటిదాకా విక్టోరియా జూబ్లీ మ్యూజియం అనేవాళ్లు, మా నాన్న ఇప్పటికీ అదే పేరంటారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు మన పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది అప్పుడే, ఆ జ్ఞాపకంతోనే ఇప్పుడు బాపు అనే పేరు. రాణి పేరున కట్టిన భవనానికి చివరికి గాంధీ పేరు వచ్చిందని చెప్తే మా పెద్దదానికి భలే నచ్చింది. మొదట వెంకయ్య గారు చేసిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ రెండే రంగులు, తెలుపు తర్వాత చేరింది, మధ్యలో రాట్నం ఉండేది, 1947 జూలైలో రాట్నం బదులు అశోకచక్రం వచ్చింది. ఈ చక్రం మాట పిల్లలకి గుర్తుండేలా చెప్పండి, అమరావతి వెళ్లినప్పుడు పనికొచ్చిద్ది.

లోపల అన్నీ చూపించొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ఐదు, మహా అయితే ఏడు వస్తువులు, అంతే. నేను ఇంట్లోనే ఒక కాగితం మీద రాసిస్తా: ఏనుగు, పాము, చేతిలో పువ్వున్న బొమ్మ, ముక్కు విరిగిన బొమ్మ, నాయనమ్మ ఇంట్లో ఉన్నలాంటి వస్తువు, మనకి అస్సలు అర్థం కాని వస్తువు ఒకటి. చిన్నోడికి చదవడం రాదు కాబట్టి వాడి కాగితంలో బొమ్మలు గీసిస్తా. దొరికినదాని పక్కన టిక్కు పెట్టడం. పెన్ను కాకుండా పెన్సిల్ ఇవ్వండి, ఏ గోడ మీదో గ్లాస్ మీదో గీత పడినా పెన్సిల్‌దైతే పోద్ది. మగపిల్లలు, ఆడపిల్లలు అని లేకుండా అందరూ ముందు కత్తులు, బాకుల దగ్గరికి పరిగెడతారు, పోనివ్వండి, ముందు అది అయిపోతే మిగతావి నిదానంగా చూస్తారు. మహిషాసురమర్దిని కనిపిస్తే బెజవాడ పిల్లలకి చెప్పాల్సిన పనే లేదు, "దుర్గమ్మ!" అంటారు, అప్పుడు కొండ మీద అమ్మవారికీ ఈ శిల్పానికీ తేడాలేంటో వాళ్లనే చెప్పమనండి.

అల్లూరులో దొరికిన తెల్లరాతి బుద్ధుడు ఉంటాడు, నిలబడి ఉన్నది, క్రీస్తుశకం మూడో, నాలుగో శతాబ్దం నాటిది. ఆ ఒక్క విగ్రహం దగ్గర మేం పావుగంట ఉన్నాం. వంటి మీద బట్ట ముడతలు చూడండి, రాయిని పంచెలాగా ఎట్లా మడిచారో. పిల్లల్ని కొంచెం దూరంగా నిలబెట్టి అదే భంగిమలో నిలబడమనండి, ఏ చెయ్యి ఎక్కడుంది, ఏ కాలు మీద బరువు ఉంది, అప్పుడే వాళ్లు నిజంగా చూసేది. లేబుల్ చదవడం ఆఖర్న. ముందు "ఇది దేంతో చేసారు, ఎవరు వాడుంటారు, ఎందుకు విరిగింది" అని మనం అడగాలి, వాళ్లు ఏదో ఒకటి చెప్తారు, తర్వాత లేబుల్ చూసి సరిచూసుకోవాలి. మనకి తెలియకపోతే తెలీదు అని చెప్పేయండి, ఊరికే కల్పించి చెప్పొద్దు, పిల్లలు దాన్నే పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. నాణేల దగ్గర ఒక ప్రశ్న బాగా పనిచేసింది: రాజు దగ్గర బంగారం ఉంటది కదా, మరి శాతవాహనులు సీసంతో ఎందుకు నాణేలు కొట్టించారు? "చిల్లర కోసం" అన్నాడు మా చిన్నోడు, వాడికి అయిదు రూపాయల చాక్లెట్ లెక్క బాగా తెలుసు మరి. సంతలో కూరగాయలు కొనే మనిషికి బంగారు నాణెంతో పనేముంది.

ముట్టుకోవద్దు అనేది అక్కడికెళ్లి అరిచేకంటే ఇంట్లోనే అర్థమయ్యేలా చూపిస్తే సరిపోద్ది. తలనూనె రాసుకున్న వేలితో ఒక సుద్దముక్కని ముట్టుకోమన్నా, మచ్చ పడింది, తుడిస్తే పోలేదు. మన అమరావతి శిల్పాలన్నీ పల్నాడు సున్నపురాయే, ఆ రాయి కూడా చెయ్యి జిడ్డుని అట్లాగే పీల్చుకుంటది, ఒక్కళ్లు ముట్టుకుంటే ఏం కాదు, రోజుకి వందమంది ముట్టుకుంటే నల్లబడిపోద్ది అని చెప్పా. అప్పట్నుంచి చిన్నోడు చేతులు వెనక కట్టుకుని నడుస్తాడు, పక్కన వేరే పిల్లలెవరన్నా చెయ్యి పెడితే వాడే చెప్తాడు.

అమరావతి మాత్రం ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి, పొద్దున్నే బయల్దేరండి. విజయవాడ నుంచి, గుంటూరు నుంచి రెండు వైపులా బస్సులున్నాయి. కేంద్ర పురావస్తు శాఖ వాళ్ల మ్యూజియంకి శుక్రవారం సెలవు, ఇది మర్చిపోయి వెళ్లి గేటు చూసి వెనక్కొచ్చిన వాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు. పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ ఉండదు. మిగతా మ్యూజియంలకి కూడా బయల్దేరే ముందు సెలవు రోజు, టైమింగ్స్ ఒకసారి చూసుకోండి.

అక్కడ ఆడాల్సిన ఆట ఒకటుంది, "బుద్ధుడు ఎక్కడ?" అని. పాత రాతి పలకల్లో బుద్ధుడిని మనిషిలా చెక్కలేదు. ఖాళీ సింహాసనం ఉంటది, దాని చుట్టూ అందరూ దండం పెడుతుంటారు, అది బుద్ధుడు. రెండు పాదాలు ఉంటాయి, అది బుద్ధుడు. బోధి చెట్టు, స్తంభం మీద చక్రం, అవీ ఆయనే. తర్వాత కాలం వాటిల్లో మనిషి రూపం వచ్చింది. ఈ సంగతి చెప్పి వదిలితే పిల్లలు మనకన్నా ముందే పట్టేస్తారు, పెద్దది చక్రం చూసి "జెండాలోది!" అంది, ఆ చక్రం ఊచలు లెక్కపెట్టడానికి కూర్చుంది కూడా, జెండాలో ఇరవై నాలుగు కదా. మ్యూజియం ఆవరణలో స్తూపం నమూనా ఉంటది, ముందు అది చూపించి తర్వాత పక్కనే ఉన్న అసలు స్తూపం, అదే మహాచైత్యం, దగ్గరికి తీసుకెళ్లండి, లేకపోతే అది వాళ్లకి గడ్డి మొలిచిన దిబ్బలాగే కనిపిస్తది. "మరి ఆ రాళ్లన్నీ ఏమయ్యాయి" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి: 1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతి పట్నం కట్టించేటప్పుడు ఇక్కడి రాళ్లు తవ్వి తీసారు, అప్పుడే ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసాడు, 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు, వాటిల్లో చాలా లండన్ పోయాయి. ఇప్పుడు మంచి మంచివి చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పెద్దది చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "వాళ్లు తిరిగి ఇవ్వరా" అంది. నాకూ ఆ ప్రశ్న ఉంది కాబట్టి ఇద్దరం కృష్ణ ఒడ్డున కూర్చుని దాని గురించే మాట్లాడుకున్నాం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దానశాసనాలు. స్తూపం అంటే రాజుగారు కట్టించాడు అనుకుంటాం కదా, కాదు, ఒక్కో పలక ఒక్కొక్కరు ఇచ్చారు, వ్యాపారులు, భిక్షుణులు, మామూలు ఇళ్ల ఆడవాళ్లు. విధికుడు అనే చర్మకారుడు తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలక ఒకటి దానం ఇచ్చాడని శాసనంలో రాసి ఉంది. మన గుళ్లో ఫ్యాన్ రెక్కల మీద, మెట్ల మీద దాతల పేర్లుంటాయి చూడండి, అదే ఇది, పిల్లలకి అట్లా చెప్తే వెంటనే ఎక్కిద్ది. ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మధ్యలో ఉన్న పూర్ణకుంభం కూడా అమరావతి శిల్పం నుంచి తీసుకున్నదే, పిల్లల టెక్స్ట్‌బుక్ అట్ట మీదో, ఏ గవర్నమెంట్ కాగితం మీదో ముద్ర చూపించి అక్కడ వెతకమనండి. చెప్పులు కుట్టుకునే కుటుంబం రాయించుకున్న పేరు రెండు వేల ఏళ్లు నిలబడిందని చెప్తుంటే నాకే గొంతు పట్టుకుంది. తెలుగులో మొట్టమొదటి మాట అని చెప్పుకునే 'నాగబు' కూడా అమరావతి శాసనంలోనే దొరికింది, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించారు, మా చిన్నోడు రెండ్రోజులు ప్రతిదానికీ నాగబు అన్నాడు.

చిన్నపిల్లలుంటే, అంటే ఐదేళ్ల లోపు, అమరావతి కన్నా ముందు కొండపల్లి మంచిది. అక్కడ చూడ్డానికి గ్లాస్ అడ్డం ఉండదు, బొమ్మల కాలనీలో ఇళ్ల దగ్గరే చేస్తుంటారు. తెల్లపొణికి చెక్క చేతిలో పెడితే ఎంత తేలిగ్గా ఉంటదో, దాన్ని చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, రంగులేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు. ఫొటో తీసే ముందు అడగండి, వాళ్ల పని ఆపించి పావుగంట ప్రశ్నలడిగాక చిన్నదైనా ఒక బొమ్మ కొనండి, బేరం ఆడకండి దయచేసి, ఒక్కో బొమ్మకి ఎన్ని రోజుల పనో కళ్లారా చూసాం కదా. ఆ బొమ్మ సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు. ఉండవల్లి గుహలు కూడా ఇట్లాంటి పిల్లలకి బాగుంటాయి, పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామిని చూసి చిన్నోడు గుసగుసగా మాట్లాడాడు, స్వామి లేస్తాడేమో అని.

మిగతావి చిన్న చిన్న విషయాలు. గంటన్నర దాటనివ్వకండి, పిల్లలు ఇంకా ఉందాం అన్నప్పుడే బయటికొచ్చేయండి, మళ్లీ వస్తామంటారు. టిఫిన్ తిన్నాకే లోపలికి, మేం విజయవాడలో అయితే గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని వెళ్తాం, అది కూడా పిల్లలకి ట్రిప్‌లో భాగమే. బాత్రూం పని ముందు. ఏప్రిల్, మే నెలల్లో అమరావతి, కొండపల్లి కోట వద్దు, మన ఎండలకి రాయి మీద కాలు పెట్టలేరు, కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా ఉంటది. గేటు దగ్గర రెండు మూడు స్కూల్ బస్సులు ఆగి ఉంటే అరగంట ఆగి వెళ్లండి. లోపల ఉండే స్టాఫ్‌ని పలకరించండి, "అంకుల్, మీకు ఇక్కడ ఏది ఇష్టం" అని పెద్దదానితో అడిగించా ఒకసారి, ఆయన డ్యూటీ చోటు నుంచి లేచొచ్చి ఒక శిల్పంలో మూలన ఉన్న చిన్న కోతిని చూపించారు, నేను నాలుగుసార్లు వెళ్లినా చూడలేదు దాన్ని. ఫొటోల సంగతి కౌంటర్లో అడిగేయండి.

ఇంటికొచ్చాక పరీక్ష పెట్టకండి, ఏం నేర్చుకున్నావ్ అని. మేం ఫోన్ చేసి వాళ్ల తాతయ్యకి ఒక్క వస్తువు గురించి చెప్పమంటాం, ఆయనేమో "నాకు అర్థం కాలేదమ్మా, ఇంకోసారి చెప్పు" అంటారు కావాలని. ఇంట్లో వస్తువులకి లేబుల్స్ రాయమనండి, పేరు, దేంతో చేసారు, ఎవరిది, ఏ ఊరు నుంచి వచ్చింది. మా అత్తయ్య మానికకి ఇప్పుడు లేబుల్ ఉంది, తవ్వ దగ్గర మాత్రం ఆవిడ పుట్టినూరు స్పెల్లింగ్ మీద ఇంకా గొడవ నడుస్తోంది.

ఈసారి కార్తీకంలో కారంపూడి వెళ్లాలని అనుకుంటున్నాం, పల్నాటి వీరుల ఉత్సవాలకి. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు జరుగుతాయి, రోజుకో పేరు, వరసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని. చాపకూడు మందపోరు రోజున పెడతారు కాబట్టి పిల్లలతో ఒక్క రోజే వెళ్లగలిగే వాళ్లు మూడో రోజు చూసుకుని వెళ్లండి, జనం బాగా ఉంటారు, చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టండి.